ఆటలో లేని గది

దయ్యాల కథలు చెప్పుకునే చోట నేను ఎక్కువసేపు కూర్చోను. భయం వల్ల కాదు, నమ్మకం లేక. నాచారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. శాంపిల్‌లో ఏదో తేడాగా ఉందని ఎవరైనా అంటే "అనిపిస్తే చాలదు, చూపించు" అనడం అక్కడ అలవాటు. ఇంట్లోనూ అంతే. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు గానీ మన సందుల్లో తిరగరని అమ్మ చిన్నప్పుడే చెప్పింది. ఆ మాట నాకు సరిపోయింది.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఇంటి గడప దాటించలేదు. ఇంకెవరైనా వచ్చి నాకిది చెబితే నేనే నమ్మను. ఇందులో దయ్యం ఉందని నేను అనడం లేదు. ఏముందో తెలియదంటున్నాను, అంతే.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. నాన్న పోయాక జనగామ వైపు ఊరు వదిలి వచ్చి, నాచారంలో ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. నేను, అమ్మ, తమ్ముడు డేవిడ్. డేవిడ్‌కు చూపు లేదు. పుట్టుకతో కాదు. పదో తరగతిలో తగ్గడం మొదలై, ఇంటర్ అయ్యేసరికి పూర్తిగా పోయింది. తిరగని కంటి దవాఖానా లేదు. మేం ఆ ఇంట్లోకి వచ్చేటప్పటికే వాడికి ఏమీ కనిపించేది కాదు. కాబట్టి ఆ ఇల్లు ఎలా ఉంటుందో వాడు కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోమని అడుగుతున్నాను.

మా మేనత్త కొడుకు సుధీర్ ఉప్పల్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే షాపులో ఉండేవాడు. నాకు బావ వరస. డేవిడ్ ఊరికే మంచం మీద కూర్చుని రోజులు గడపడం చూడలేక, ఒక పాత కంప్యూటర్ బాగుచేసి తెచ్చాడు. చూపు లేనివాళ్ళకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రాములు ఉన్నాయట. అయితే మామూలు కంప్యూటర్లలో వాటి ధర మా స్తోమతకు అందేది కాదు. అందుకని సుధీర్ అందులో కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అనే వేరే వ్యవస్థ వేశాడు. అది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మాట్లాడే ప్రోగ్రాము కూడా దానితోనే ఉచితంగా వస్తుంది.

ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. జలుబు చేసిన మగమనిషి ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది. ఇంగ్లీషు తప్ప రాదు. తెలుగు పేరు తగిలితే ముక్కలు ముక్కలుగా విరిచి చదివేది. నాచారాన్ని "నకారమ్" అనేది. మొదటి వారం నవ్వుకున్నాం. తర్వాత ఇంట్లో ఇంకో మనిషి ఉన్నంత అలవాటైపోయింది. పై పోర్షన్‌లో ఉండే మా ఇంటి ఓనరు సుశీలమ్మ మాత్రం మెట్ల మీద నిలబడి అడిగేది.

"ఏందమ్మా, మీ ఇంట్ల పొద్దంత ఎవలో గొణుగుతనే ఉంటరు?"

"కంప్యూటర్ పెద్దమ్మా. తమ్మునికి చదివి చెప్తది."

"చెప్తే చెప్పనీ. గంత కోపంగ ఎందుకు చెప్తది?"

ఆ లైనక్స్‌లో ఆటలు కూడా ఉండేవి. వాటిలో ఒకటి డేవిడ్‌కు ప్రాణమైంది. చాలా పాత ఆట. దానిలో బొమ్మలుండవు, మాటలే. "నువ్వు ఒక గుహలో ఉన్నావు, ఉత్తరాన సన్నటి దారి ఉంది" అని ఆట చెబుతుంది. ఉత్తరం అని టైపు చేస్తే అటు తీసుకెళ్ళి, అక్కడ ఏముందో చెబుతుంది. "చూడు" అని కొడితే చుట్టూ ఉన్నది మళ్ళీ చెబుతుంది. దానికి తెలియని మాట ఏదైనా కొడితే "అర్థం కాలేదు" అంటుంది. అంతా ఇంగ్లీషులోనే. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

బొమ్మలు లేవు కాబట్టి చూపు ఉన్నవాడికీ లేనివాడికీ ఆ ఆట ఒకటే. కాదు, డేవిడే మేలు. సుధీర్ బావ ఆ గుహలో అయిదు నిమిషాల్లో దారి తప్పేవాడు. డేవిడ్ పక్కన కూర్చుని "ఎన్కకు రా బావా, ఎడమకు తిరుగు" అని చెబుతుంటే వాడి ముఖం చాలా కాలం తర్వాత వెలిగింది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను.

అది జరిగిన రోజు నాకు సెలవు. పొద్దు ఎక్కి ఎండ బాగా కాస్తోంది. అమ్మ మౌలాలిలో ఎవరింట్లోనో ప్రార్థన ఉందని వెళ్ళింది. సుశీలమ్మ కొడుకు డ్యూటీకి పోయాడు, కోడలు కాన్పుకు పుట్టింట్లో ఉంది. నేలలో కట్టిన నీళ్ళ తొట్టి, అదే సంపులోంచి డాబా మీది ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే మోటారు కాలిపోయి మెకానిక్ దగ్గర ఉండటంతో రెండు పోర్షన్ల వాళ్ళం సంపు మూత తీసి, బకెట్‌కు తాడు కట్టి తోడుకుంటున్నాం. సంపు ఇంటి ముందర గేటు పక్కన ఉంటుంది. మా వంటగదీ, డేవిడ్ కూర్చునే గదీ ఇంటి వెనక. పక్క ప్లాటులో కొత్త ఇల్లు కడుతూ మిషన్‌తో బండలు కోస్తున్నారు. ఆ మోతకు పక్కనున్న మనిషి మాట కూడా సరిగ్గా వినబడేది కాదు. డేవిడ్ విసుక్కుని స్పీకర్ల సౌండ్ పూర్తిగా పెంచాడు.

నేను వంటగదిలో బెండకాయలు కోస్తున్నాను. తలుపు తీసే ఉంది. ఆట మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి గానీ పట్టించుకోవడం లేదు.

"అక్కా, కొత్త రూము దొరికింది. ఇన్ని దినాలల్ల ఎప్పుడు రాలే."

"మంచిదే. ఇగ లేసి స్నానం జెయ్."

"జర ఆగు."

వాడు "చూడు" అని కొట్టాడు. ముక్కు గొంతు చెప్పింది. నువ్వు నీళ్ళు నిండిన చిన్న చదరపు గదిలో ఉన్నావు. గోడలు నున్నగా ఉన్నాయి. పైన చదరంగా వెలుతురు కనిపిస్తోంది. ఇక్కడ ఒక స్త్రీ ఉంది. ఆమె పైపు పట్టుకుని ఉంది.

డేవిడ్ "పైకి" అని కొట్టాడు. ఎక్కడానికి ఏమీ లేదు అంది. మళ్ళీ "చూడు" అని కొట్టాడు. నీళ్ళు ఆమె గడ్డం దాకా ఉన్నాయి, చేతులు జారుతున్నాయి అంది.

ఇదంతా నేను విన్నాను. గుహ ఆట కదా, నీళ్ళ గది ఉండటంలో వింతేముంది అనుకున్నాను. కోసిన బెండకాయలు గిన్నెలో వేసుకుంటున్నాను కూడా.

"గీ ఆటకు గిసుంటియి సమజ్ గావు గని, ఒకసారి అడిగి సూస్త" అని డేవిడ్ నవ్వుతూ "నువ్వెవరు" అని టైపు చేశాడు.

అర్థం కాలేదు అంటుందనుకున్నాం. ఏమీ అనలేదు. కాసేపు స్పీకర్లు గరగరమన్నాయి. తర్వాత ఆ గొంతు ఒక్క మాట అంది. "కో-ము-రా-వా." ఆగి, మళ్ళీ అదే మాట.

"అక్కా, కొమురావా అంటే ఏంది?"

"ఏమో. వాళ్ళ దేశంల ఏదో పేరేమో."

వాడు మళ్ళీ "చూడు" అని కొట్టాడు. ఈసారి అది చెప్పింది. పైన ఒక పసుపు రంగు ప్లాస్టిక్ బకెట్ పడి ఉంది. తాడు తెగిపోయింది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. గుహలో ప్లాస్టిక్ బకెట్ ఏమిటి? మేం నీళ్ళు తోడుకునే బకెట్ పసుపుది. మోటారు పాడయ్యాక సుశీలమ్మే కొత్తగా తెచ్చింది. ఆ రంగు డేవిడ్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు.

నేను పరుగెత్తలేదు. ఇది చదివేవాళ్ళు తప్పుగా ఊహించుకోవచ్చు. నడుచుకుంటూనే వెళ్ళాను, నా మీద నాకే నవ్వు వస్తుండగా. ముందు గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి ముందు వాకిట్లోకి. అక్కడి నుంచి చూస్తే సంపు మూత పక్కకు జరిపి ఉంది. పసుపు బకెట్ బోర్లా పడి ఉంది. దాని చెవికి జానెడు తాడు ముక్క వేలాడుతోంది.

వంగి చూశాను. చీకటి నీళ్ళలో సుశీలమ్మ ముఖం, మెడ పైభాగం కనిపించాయి. రెండు చేతులతో మోటారు పైపును పట్టుకుని ఉంది. నోరు తెరిచే ఉంది గానీ అరుపు రావడం లేదు. కళ్ళు నా వైపే ఉన్నాయి. ఆ చూపు గురించి ఇంతకంటే రాయలేను.

నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు. గేటు తీసి పక్క ప్లాటులోకి పోయి, బండలు కోసే మనిషి చెయ్యి పట్టుకుని లాగాను. మిషన్ ఆగింది. వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన లోపలికి దిగి ఆమెను భుజం మీదికి ఎత్తుకుంటే, మిగతావాళ్ళు పైనుంచి చీర, చేతులు పట్టుకుని లాగారు. ఆటోలో దగ్గర్లోని దవాఖానాకు తీసుకుపోయాం. మణికట్టు విరిగింది. ఒళ్ళంతా మంచులా ఉంది. కానీ బతికింది.

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి డేవిడ్ అదే కుర్చీలో ఉన్నాడు. బయట ఏదో గొడవ జరిగిందని వాడికి తెలుసు, ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. నా అడుగుల చప్పుడు విని అడిగాడు.

"ఏమైంది అక్కా? నువ్వు పోయినంక మల్లొకసారి సూసిన. గది ఖాళీగ ఉన్నదన్నది. గా తర్వాత మామూలు గుహలకు వచ్చేసింది."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. సుశీలమ్మ పెద్దమ్మ సంపులో పడిందని చెప్పాను. వాడి చేతులు కీబోర్డు మీదినుంచి మెల్లగా ఒళ్ళోకి జారాయి.

తర్వాత నేను లేచి తెర చూశాను. ల్యాబ్ అలవాటు. అక్కడ డేవిడ్ కొట్టినవన్నీ వరసగా ఉన్నాయి. చూడు, పైకి, చూడు, నువ్వెవరు, చూడు, చివరగా ఇంకో చూడు. ప్రతి "చూడు" కింద రాళ్ళూ రప్పలూ ఉన్న ఒక మామూలు గుహ గది వర్ణన ఉంది. "నువ్వెవరు" కింద "అర్థం కాలేదు" అని ఉంది. నీళ్ళు లేవు, స్త్రీ లేదు, బకెట్ లేదు. మేం ఇద్దరం చెవులతో విన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తెర మీద లేదు. డేవిడ్‌ను ఏదీ ముట్టుకోవద్దన్నాను. సాయంత్రం సుధీర్ వచ్చి తనూ చూశాడు.

మర్నాడు దవాఖానాకు వెళ్ళాను. సుశీలమ్మ చేతికి కట్టుతో పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. గొంతు బొంగురుపోయినా నన్ను చూడగానే మాట్లాడింది.

"నువ్వెట్ల సూసినవ్ బిడ్డా? బకెట్ గట్టు మీదికి గుంజంగనే తాడు తెగింది, కాలు జారి అండ్ల వడ్డ. నేను ఒర్లి ఒర్లి గొంతు పోయింది. ఆ మిషన్ లొల్లిల ఎవలకు ఇనవడలే."

నీళ్ళ కోసం వచ్చానని అబద్ధం చెప్పాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"అండ్ల నేను ఒక్కదాన్నే లేను బిడ్డా. ఎవలో ఉన్నరు. నువ్వెవరు అని అడిగిండు. మొగపిలగాని గొంతు. మంచిగ తెలుగులనే అడిగిండు. పాణం పోయెటప్పుడు గిట్ల అడుగుతరేమో అనుకున్న. కొమురవ్వను అని చెప్పిన."

నేను మంచం పట్టె పట్టుకున్నాను. ఆమె కొడుకు అడిగాడు.

"కొమురవ్వ ఎవలమ్మా?"

"నేనేరా. మా అవ్వ పెట్టిన పేరు. లగ్గమైనంక మీ నాయినోళ్ళు సుశీల అని మార్చిన్రు. గప్పటిసంది నన్ను ఎవలు గట్ల పిల్వలే. ఆడ గదే నోట్లకొచ్చింది."

అతను నా వైపు తిరిగి "నాకే తెల్వదు అక్కా" అన్నాడు. నేను ఏదో సాకు చెప్పి బయటికి వచ్చి, కారిడార్‌లో ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

సుధీర్ నా కంటే గట్టి మనిషి. డేవిడ్ చెవులు చురుకు కాబట్టి ఆమె అరుపు పైపుల ద్వారా లీలగా విని ఉంటాడని, వాడు చెప్పినవే నేనూ విన్నాననుకున్నానని అతని వాదన. అది సబబుగానే అనిపించింది. అందుకే పరీక్షించాం. పక్కన మిషన్ నడుస్తున్నప్పుడు సుధీర్ సంపు దగ్గర వంగి లోపలికి గట్టిగా అరిచాడు. వెనక గదిలో నాకు వినబడలేదు, డేవిడ్‌కూ వినబడలేదు. పైగా సంపు లోపల ఉన్న మనిషికి బయట పడి ఉన్న బకెట్ కనబడదు. సుశీలమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. డేవిడ్ "నువ్వెవరు" అని నోటితో అనలేదు, ఇంగ్లీషులో టైపు చేశాడు.

తర్వాత సుధీర్ ఆటనే విప్పాడు. లైనక్స్ ఆటల్లో అదొక సౌకర్యం. వాటిని తయారుచేసినవాళ్ళు లోపల రాసినదంతా అందరూ చదువుకునేలా బయట పెడతారు.

"ఇండ్ల దాసిపెట్టేది ఏం ఉండది" అన్నాడు. "ఆట ఏ మాట అనాలన్నా అది గీండ్ల రాసి ఉండాలె."

వెతికాడు. ఆ ఆట మొత్తంలో బకెట్ అన్న మాటే లేదు. పసుపు ప్లాస్టిక్ అసలే లేదు. కొమురావా లేదు. మాట్లాడే ప్రోగ్రాము కూడా విప్పి చూశాడు. అది తెర మీద ఉన్నది చదవడం తప్ప సొంతంగా ఏమీ అనలేదు. సుధీర్ ముఖం పాలిపోవడం అప్పుడు మొదటిసారి చూశాను.

అయినా వదల్లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక డేవిడ్‌ను కూర్చోబెట్టి, ఆ ఆటలో గుర్తున్న గదులన్నీ చెప్పమన్నాడు. చూపు పోయాక వాడి జ్ఞాపకం అలాంటిది, విన్నది విన్నట్టు చెబుతాడు. వాడు చెబుతుంటే సుధీర్ ఆట లోపల రాసి ఉన్నదానితో సరిచూశాడు. నేను చాయ్ ఇస్తూ వింటున్నాను. వాడు చెప్పిన ప్రతి గదీ అందులో ఉంది, మాట తేడా లేకుండా. ఇక అయిపోయిందనుకుంటుంటే డేవిడ్ ఇంకోటి చెప్పాడు.

"గుండ్రటి ఇనుప రూము బావా. కిటికీలు లేవు. ఘాటు వాసన ఉందన్నది. ఇద్దరు మనుషులున్నరు. ఒకడు పండుకొని ఉన్నడు."

సుధీర్ వెతికాడు. "లేదురా."

"ఉన్నది బావా. పోయిన వానకాలంల వచ్చింది. పైకి పోదామంటే దారి లేదన్నది. బోర్ కొట్టి బంద్ జేసిన."

ఇంకేదో ఆటలోది కలిపి చెబుతున్నావేమో అని సుధీర్ కంప్యూటర్ ఆపేశాడు. నేను చాయ్ గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళి, వాటిని కడగకుండా అలాగే నిలబడ్డాను.

అంతకు ముందు వానకాలంలో మా వైపు ఒక ఫ్యాక్టరీ యూనిట్‌లో రసాయనాల ట్యాంకు కడగడానికి దిగిన ఇద్దరు పనివాళ్ళు లోపలి గ్యాసుకు ఊపిరాడక చనిపోయారు. ఒకడు పడిపోతే తీయడానికి రెండోవాడు దిగాడని మా ల్యాబ్‌లో చెప్పుకున్నారు. యూనిట్ పేరు ఇక్కడ అనవసరం. నేను పనిచేసే చోట అలాంటివి జరుగుతాయని తెలిస్తే అమ్మ భయపడుతుందని ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అలాంటి ట్యాంకులు నేను చూశాను. గుండ్రంగా ఉంటాయి. ఇనుముతో చేసినవి. మనిషి దిగే మూత పైన ఉంటుంది.

తలుపు దగ్గర నిలబడి డేవిడ్‌ను చూశాను. వాడు బావతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. చెప్పలేకపోయాను.

తర్వాత చాలా మారింది. తెలంగాణ వచ్చింది. మేం ఉప్పల్‌కు మారాం. డేవిడ్‌కు ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం దొరికింది, ఇప్పుడు వాడి కంప్యూటర్ తెలుగు కూడా చదువుతుంది. సుశీలమ్మ పెద్దమ్మ ఇప్పటికీ పండుగకు ఫోన్ చేసి ముందు వాణ్ణే అడుగుతుంది. ఆ గుహ ఆట మాత్రం వాడు మళ్ళీ ఆడలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఇది రాసి అచ్చుకు పంపితే వాడి కంప్యూటర్ ఏదో ఒక రోజు వాడికి చదివి వినిపిస్తుంది. నా నోటితో వినడమే మంచిదనిపించి, ఈ మధ్యే ఒక సాయంత్రం డాబా మీద కూర్చోబెట్టి ట్యాంకు సంగతి చెప్పాను. వాడు వింటూ కూర్చున్నాడు. కింద రోడ్డు మీద బస్సులు పోతున్నాయి.

"ఒకడు పండుకొని ఉన్నడన్నది అక్కా" అన్నాడు చివరికి. "అంటే గప్పటికి రెండోవాడు మెల్కతోనే ఉన్నట్టు గద. నేనే బంద్ జేసిన."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. సంపులోని మాట మా గదిలోకి ఎలా వచ్చిందో, మా గదిలోని మాట సంపులోకి ఎలా వెళ్ళిందో నాకు ఈనాటికీ తెలియదు.